సంతానం మందులు: పొట్లంలో ఏముందో చెప్పేదెవరు?

పెళ్లయి రెండు మూడేళ్లు గడిచినా కడుపు పండకపోతే, పుదుచ్చేరి పట్టణంలోని కోసపాళయంలోనైనా, కోనసీమ పల్లెలోనైనా చాలా ఇళ్లలో కోడలి చేతికి ముందుగా అందేది మూలికల పొడే. అశ్వగంధ, శతావరి తరతరాలుగా వాడుకలో ఉన్నవే. వాటిని ఎగతాళి చేయనక్కరలేదు. చిక్కల్లా పొట్లంలో మరేం కలిసిందో తెలియకపోవడంలోనే ఉంది. 2011-12లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం మోతాదు మించి కనిపించింది. వారు వాడినవి భారత్‌లో తయారైన ఆయుర్వేద మందులు. కొన్ని గర్భరక్షణ కోసమే కొన్నవి!

స్త్రీల వంధ్యత్వాన్ని నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అమలు సంగతి గోడలపై రాతలే చెబుతాయి. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2018లో తెచ్చిన 170వ నిబంధనను కేంద్రం 2024 జూలైలో తొలగించింది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చినా, 2025 ఆగస్టులో కేసు ముగియడంతో అదీ పోయింది.

సంతానలేమిలో దాదాపు సగం సందర్భాల్లో పురుషుని లోపానికీ పాలుంటుందని వైద్యులు చెబుతున్నా, కషాయం మాత్రం కోడలికే. జిప్మర్ వంటి కేంద్ర ప్రభుత్వ వైద్యసంస్థ ఉన్న పట్టణంలో సైతం దంపతులిద్దరికీ పరీక్షలు జరగకుండానే ఏళ్లు గడిచిపోతే, డబ్బుకంటే విలువైన వయసు కరిగిపోతుంది. లైసెన్సులిచ్చే ప్రభుత్వాలు దుకాణాల నుంచి నమూనాలు సేకరించి, సీసం, పాదరసం పరీక్షల ఫలితాలను మందుల పేర్లతో సహా ప్రకటించాలి. కేంద్రం ముందస్తు అనుమతి నిబంధనను పునరుద్ధరించాలి.