అటక మీది బుల్లి ఇంజిన్

అమెరికాలో తాతల నాటి ఇళ్లు సర్దుతుంటే ఒక్కోసారి అరచేతిలో పట్టే ఇంజిన్ బయటపడుతుంది. పక్కనే ఓ కాయిలు, నాలుగు తెగిన తీగలు. తుక్కు కింద పారేస్తే నష్టమే. 1930ల్లో కుర్రకారు మోడల్ విమానాలను ఎగరేసిన పెట్రోలు ఇంజిన్ కావచ్చది!

అప్పటిదాకా ఆ విమానాలకు మెలితిప్పిన రబ్బరే ఆధారం. ఫిలడెల్ఫియా కుర్రాడు బిల్ బ్రౌన్ చేసిన బుల్లి ఇంజిన్‌తో మాక్స్‌వెల్ బాసెట్ 1933 జాతీయ పోటీల్లో రబ్బరు విమానాలను ఓడించాడు. ఆ ఇంజినే తర్వాత 'బ్రౌన్ జూనియర్'గా అమ్మకానికొచ్చింది.

పోల్చుకోవడం ఎలా? ప్రొపెల్లర్ వెనక తెరుచుకుంటూ మూసుకునే పాయింట్లు, అటూ ఇటూ కదిలే చిన్న మీట ఉంటే అది స్పార్క్ ఇంజిన్. పాయింట్లు లేకుండా ప్లగ్గు మాత్రమే ఉంటే గ్లోప్లగ్ రకం. 1947లో రే ఆర్డెన్ గ్లోప్లగ్ తెచ్చాక కాయిలు బరువు మోసే పని తప్పింది. ఇక పేరంటారా, క్రాంక్‌కేసు మీది అక్షరాలు చూడాలి. అవి లేకపోతే కొలతలే దిక్కు. బ్రౌన్ జూనియర్ సిలిండర్ వ్యాసం 22.2 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 25.4. అంటే దాదాపు 10 సీసీ.

వైరింగ్ పాత స్కూటర్ మెకానిక్కులకు తెలిసిన సూత్రమే. 3 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక తీగ స్విచ్ మీదుగా కాయిల్ ప్రైమరీకి, అక్కణ్నుంచి ఇంజిన్ బాడీకి తగలని పాయింట్‌కు వెళ్లాలి. బ్యాటరీ రెండో తీగ ఇంజిన్ బాడీకి. కండెన్సర్ ఒక కొస ఆ పాయింట్‌కు, రెండోది బాడీకి. కాయిల్ నుంచి వచ్చే హైటెన్షన్ తీగ ప్లగ్గుకు. పాయింట్లు విడిపోగానే కాయిల్లో వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ దూకుతుంది. కండెన్సర్ పాడైతే రవ్వ నీరసిస్తుంది, పాయింట్లు మాడతాయి.

జాగ్రత్తలూ ముఖ్యమే. ప్లగ్గు తీగ ఊడదీసి పరీక్షిస్తే కాయిల్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతినొచ్చు. స్విచ్ ఆపకుండా వదిలేస్తే, పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కాయిల్ వేడెక్కి బ్యాటరీ ఖాళీ అవుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు మీటను రవ్వ ఆలస్యంగా పడే వైపు జరపాలి. లేదంటే ప్రొపెల్లర్ ఎదురు తిరిగి వేళ్లు పగలగొడుతుంది!

ఇవన్నీ సరిచూసుకుంటే, దశాబ్దాలుగా మూగబోయిన తాతగారి ఇంజిన్ మనవడి చేతిలో మళ్లీ గొంతు విప్పుతుంది.