మెదడు మారితే చాలు.. మెషీన్‌ కొత్తదే!

2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ మద్దతు ముగిసింది. చాలామందికి ఇది ల్యాప్‌టాప్‌ మార్చాలా వద్దా అన్న సమస్య. చిన్న సీఎన్‌సీ మిల్లింగ్‌ మెషీన్లు ఉన్న కాలేజీ ల్యాబ్‌లకు, హాబీ వర్క్‌షాపులకు మాత్రం చిక్కు ఇంకా పాతది. అక్కడి మెషీన్లలో చాలావాటిని నడిపించేది మాక్‌3 సాఫ్ట్‌వేర్‌. దాని పారలల్‌ పోర్ట్‌ డ్రైవర్‌ 32-బిట్‌ విండోస్‌ 7 వరకే పనిచేస్తుంది. ఆ పాత పీసీ మొరాయిస్తే? ఇప్పుడు దొరికే కొత్త పీసీలో విండోస్‌ 11 ఉంటుంది. దానికి 32-బిట్‌ వెర్షనే లేదు. వెనక పారలల్‌ పోర్టూ ఉండదు.

అలాగని మెషీన్‌ను మూలన పడేయాలా? అక్కర్లేదు. బెడ్‌, స్క్రూలు, మోటార్లు బాగానే ఉంటాయి. మార్చాల్సింది కంట్రోలర్‌ ఒక్కటే. మెకానికల్‌, ఈఈఈ, మెకట్రానిక్స్‌ విద్యార్థులైతే ఈ పనిని మీరే చేతికి తీసుకోండి. ప్రాజెక్టు మార్కులకే కాదు, ఉద్యోగానికీ పనికొస్తుంది.

కంట్రోలర్‌ చేసేదేంటి?

‘ఎక్స్‌ దిశలో 20 మిల్లీమీటర్ల దగ్గరికి, నిమిషానికి 600 మి.మీ. వేగంతో వెళ్లు’ అని జీ-కోడ్‌ చెబుతుంది. ఆ మాటను పల్స్‌లుగా మార్చి మోటార్‌ డ్రైవర్‌కు పంపేది కంట్రోలర్‌. ఒక్కో పల్స్‌కు స్టెప్పర్‌ మోటార్‌ ఒక్కో అడుగు తిరుగుతుంది. పల్స్‌లు సమానమైన వ్యవధిలో రావాలి. తేడా వస్తే మోటార్‌ అడుగు తప్పుతుంది. మామూలు స్టెప్పర్‌కు ఆ సంగతి తిరిగి చెప్పే ఏర్పాటు ఉండదు కాబట్టి జాబ్‌ పాడయ్యాకే మనకు తెలుస్తుంది. పాత పద్ధతిలో ఈ పల్స్‌లను పీసీయే తయారుచేసేది. విండోస్‌ ఒకేసారి పది పనులు చూసుకుంటుంది, సమయపాలన దాని బలం కాదు. అందుకే కొత్త కంట్రోలర్లలో ఈ బాధ్యతను విడిగా ఒక బోర్డుకు అప్పగిస్తున్నారు.

ముందున్న మూడు దారులు

మొదటిది: మాక్‌3ని ఉంచి, యూఎస్‌బీ లేదా ఈథర్‌నెట్‌ మోషన్‌ కార్డు పెట్టుకోవడం. పల్స్‌లు కార్డు ఇస్తుంది కాబట్టి 64-బిట్‌ పీసీ అయినా నడుస్తుంది. అలవాటైన తెర మారదు.

రెండోది: జీఆర్‌బీఎల్‌. 2009లో నార్వేలో మొదలైన ఈ ఓపెన్‌ సోర్స్‌ సాఫ్ట్‌వేర్‌ ఆర్డుయినో ఊనో మీదే నడుస్తుంది. ఆ చిప్‌ 8-బిట్‌, వేగం 16 మెగాహెర్ట్జ్‌, ర్యామ్‌ 2 కిలోబైట్లే. అయినా మూడు అక్షాలను చక్కగా తిప్పుతుంది. ఇంకా వేగం కావాలంటే 32-బిట్‌ బోర్డులపై నడిచే జీఆర్‌బీఎల్‌హాల్‌, ఈఎస్‌పీ32 మీద నడిచే ఫ్లూయిడ్‌ఎన్‌సీ ఉన్నాయి.

మూడోది: లినక్స్‌సీఎన్‌సీ. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌ 1990లలో చేసిన పని నుంచి పుట్టింది. రియల్‌టైమ్‌ లినక్స్‌ కావాలి, నేర్చుకోవడానికి టైమ్‌ పడుతుంది. కానీ సర్వో మోటార్లు, ఎన్‌కోడర్లు, నాలుగైదు అక్షాల దాకా వెళ్లొచ్చు. పరిశ్రమకు దగ్గరగా ఉండేది ఇదే.

కొనేముందు ఈ లెక్క వేయండి

మోటార్‌ ఒక చుట్టుకు 200 అడుగులు. డ్రైవర్‌లో 16 మైక్రోస్టెప్‌లు పెడితే 3,200 పల్స్‌లు. బాల్‌ స్క్రూ ఒక చుట్టుకు 5 మి.మీ. జరిపితే, మిల్లీమీటరుకు 640 పల్స్‌లు. ఊనో మీద జీఆర్‌బీఎల్‌ సెకనుకు సుమారు 30,000 పల్స్‌లు ఇవ్వగలదు. అంటే గరిష్ఠ వేగం నిమిషానికి దాదాపు 2,800 మి.మీ. మీకు 5,000 కావాలా? సెకనుకు 53,000కు పైగా పల్స్‌లు కావాలి, ఊనో చాలదు. అప్పుడు 32-బిట్‌ బోర్డు తీసుకోవాలి, లేదా మైక్రోస్టెప్‌లను 8కి తగ్గించాలి. ‘ఈ బోర్డే ఎందుకు ఎంచుకున్నారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే. ‘యూట్యూబ్‌లో చూశా’ అంటే కుదరదు.

ఇంకో మాట. కంట్రోలర్‌ మారిస్తే అరిగిన నట్‌లోని లూజు పోదు, ఫ్రేమ్‌ గట్టిపడదు. డయల్‌ గేజ్‌తో ముందు బ్యాక్‌లాష్‌ కొలిచి, తర్వాతే డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి.

ఉద్యోగానికీ దీనికీ లంకె ఏంటి?

మన దేశంలో తయారయ్యే సీఎన్‌సీ యంత్రాల్లోనూ ఎక్కువగా కనిపించేవి జపాన్‌కు చెందిన ఫానుక్‌, మిత్సుబిషి, జర్మనీకి చెందిన సీమెన్స్‌ కంట్రోలర్లే. ఇనుము మనది, మెదడు అరువుది. ఆ మెదడు విలువెంతో 1987లో బయటపడిన తోషిబా-కాంగ్స్‌బర్గ్‌ వ్యవహారం చూపించింది. జపాన్‌ మిల్లింగ్‌ యంత్రాలు, వాటికి నార్వే కంట్రోలర్లు ఆంక్షలు దాటి సోవియట్‌ యూనియన్‌కు చేరాయని, జలాంతర్గాముల ప్రొపెల్లర్ల చప్పుడు తగ్గించడానికి వాడారని అమెరికా మండిపడింది. యంత్ర పరికరాలు సహా మన క్యాపిటల్‌ గూడ్స్‌ రంగం పోటీతత్వాన్ని పెంచడానికి కేంద్రం 2022 జనవరిలో రూ.1,207 కోట్ల పథకం రెండో దశను నోటిఫై చేసింది. దిశ ఎటో అర్థమవుతూనే ఉంది.

అయితే జీఆర్‌బీఎల్‌ వస్తే ఫానుక్‌ వచ్చేసినట్టు కాదు. పెద్ద యంత్రాల్లో సర్వోలు, పీఎల్‌సీ ల్యాడర్‌, వందల పారామీటర్లు ఉంటాయి. కానీ హోమింగ్‌, లిమిట్‌ స్విచ్‌లు, యాక్సిలరేషన్‌, ఎర్తింగ్‌, కేబుల్‌ షీల్డింగ్‌.. ఈ ఆలోచనలు రెండింటికీ ఒకటే. బటన్‌ నొక్కే ఆపరేటర్‌కూ, ఆగిన మెషీన్‌ను లేపే సర్వీస్‌ లేదా రెట్రోఫిట్‌ ఇంజినీర్‌కూ తేడా ఇక్కడే మొదలవుతుంది.

మొదలుపెట్టేముందు..

* పాత వైరింగ్‌ను ఫొటోలు తీసి, కేబుళ్లకు లేబుళ్లు అంటించాకే విప్పండి. ల్యాబ్‌ మెషీన్‌ అయితే ఇన్‌ఛార్జి అనుమతి తప్పనిసరి.

* పవర్‌ ఉండగా స్టెప్పర్‌ మోటార్‌ వైర్లు పీకొద్దు, డ్రైవర్‌ కాలిపోవచ్చు.

* ఎమర్జెన్సీ స్టాప్‌ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోకూడదు. మోటార్లకు, స్పిండిల్‌కు వెళ్లే కరెంటునే కోసేలా ఉండాలి.

* తొలి పరీక్ష కట్టర్‌ లేకుండా, గాల్లోనే చేయండి.

సొంత మెషీన్‌ లేదా? హైదరాబాద్‌లో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌ లాంటి ప్రోటోటైపింగ్‌ కేంద్రాలున్నాయి. పరిశ్రమ స్థాయి సీఎన్‌సీ శిక్షణ కావాలంటే బాలానగర్‌లోని సీఐటీడీ కోర్సులు చూడండి.

పని పూర్తయ్యాక రెజ్యూమెలో ‘సీఎన్‌సీ ప్రాజెక్టు చేశాను’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. వైరింగ్‌ డయాగ్రమ్‌, మార్పుకు ముందు, తర్వాత పారామీటర్లు, 100 మి.మీ. కమాండ్‌ ఇస్తే టేబుల్‌ నిజంగా ఎంత జరిగిందన్న కొలతలు రెండు పేజీల్లో పెట్టండి. సర్టిఫికెట్లు అందరి చేతుల్లోనూ ఉంటాయి. సొంతంగా తీసుకున్న కొలతలు కొందరి దగ్గరే ఉంటాయి.