అద్దె అంతా ఆదాయం కాదు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలుపుకోవడం అంతకంటె కష్టమైన పని. అయినప్పటికీ నెలనెలా చేతికందే అద్దె యావత్తూ తమ ఆదాయమేనని భావించే యజమానులు నేటికీ అనేకులు. ఈ భావన సరికాదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1931లో విజయనగరం–రాయపూర్ రైలుమార్గం పూర్తయినప్పటి నుండి ఈ పట్టణం ఉత్తరాంధ్రకు చేరువైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయింది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల చుట్టుపక్కల కార్మికుల గదులు, ధాన్యం వర్తకుల గోదాములు పలువురికి జీవనాధారంగా ఉన్నాయి. అయితే ఇచ్చటి వాతావరణం పైకప్పులకు గట్టి పరీక్ష పెడుతుంది. మే నెలలో 45 డిగ్రీలకు చేరే ఎండకు వ్యాకోచించిన కప్పుపై జూన్‌లో ఒక్కసారిగా వానలు పడతాయి. పెంకులు జరుగుతాయి, రేకుల బోల్టుల వద్ద తుప్పు పడుతుంది, స్లాబులో సన్నని పగుళ్లు ఏర్పడతాయి. ఆ పగుళ్ల ద్వారా నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చు క్రింద నిద్రించేది అద్దెకున్నవారి పిల్లలు కావచ్చు.

గోదాము విషయం మరింత జటిలం. ధాన్యం నిల్వకు తేమ 14 శాతం మించరాదు. కప్పు కారి కొన్ని బస్తాలు తడిస్తే బూజు చుట్టూ ఉన్న బస్తాలకు వ్యాపిస్తుంది. ఆ సరుకు బ్యాంకుకు తాకట్టులో ఉన్నదైతే నష్టం డీలరుకు, ఋణానికి కూడా. నిర్వహణ లోపం వలన క్రమంగా కలిగిన నష్టానికి సాధారణంగా బీమా పరిహారం లభించదు.

కనుక మరమ్మతును ఆకస్మిక వ్యయంగా కాక, ముందే తెలిసిన బాకీగా పరిగణించాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. నాలుగు గదులు, గదికి రూ. 3,000 చొప్పున నెలకు అద్దె రూ. 12,000. పైకప్పు మరో పదేళ్లు నిలుస్తుందని, మార్పుకు రూ. 1,60,000 అవుతుందని మేస్త్రీ అంచనా; ఏటా రూ. 16,000. వైరింగు, గొట్టాలకు పదిహేనేళ్లకు రూ. 60,000; ఏటా రూ. 4,000. మూడేళ్లకొకసారి సున్నాలు, రంగులకు రూ. 18,000, ఏటా రూ. 6,000. మొత్తం రూ. 26,000, అంటే నెలకు దాదాపు రూ. 2,167. అద్దెలో ఇది 18 శాతం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే నేటి రూ. 1,60,000 పని పదేళ్లకు సుమారు రూ. 2,86,000 అవుతుంది. కావున అంచనాను ప్రతి సంవత్సరం సవరించి, ఆ మొత్తాన్ని రికరింగ్ డిపాజిట్టులో విడిగా జమ చేయడం శ్రేయస్కరం.

“వచ్చే అద్దె వాయిదాకే చాలదు, ఇక పొదుపు ఎక్కడ?” అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమే. ఇందులో మా బ్యాంకర్ల బాధ్యత కూడా ఉన్నది. పై యజమానికి పూర్తి అద్దెను లెక్కించి రూ. 9,500 వాయిదా నిర్ణయిస్తే, మరమ్మతు నిధి పోను మిగిలేది రూ. 333. ఒక్క గది ఖాళీ అయితే అద్దె రూ. 9,000కు తగ్గి, వాయిదాయే తప్పుతుంది. ఋణార్హతను మరమ్మతు నిధి, ఖాళీ నెలలు మినహాయించిన తరువాతనే లెక్కించాలని నా అభిప్రాయం. ఋణం కొంత తగ్గినా ఇల్లు నిలుస్తుంది, ఖాతా కూడా నిలుస్తుంది.

ఆదాయపు పన్ను చట్టం సైతం అద్దెంతటినీ ఆదాయంగా చూడదు. పురపాలక పన్నులు పోను మిగిలిన వార్షిక విలువలో 30 శాతం మినహాయింపు ఇస్తుంది. మరమ్మతు చేసినా, చేయకున్నా ఈ మినహాయింపు లభిస్తుంది గనుక, దానిని ఖర్చు చేసుకునేవారే ఎక్కువ. మరమ్మతు బాధ్యత యజమానిదైనప్పుడు, నోటీసు ఇచ్చినా అతడు ఉపేక్షిస్తే అద్దెదారు తానే చేయించుకుని ఆ వ్యయాన్ని వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతున్నది. కావున ఎవరి బాధ్యత ఏమిటో ఒప్పందంలోనే వ్రాసుకోవాలి.

ఏప్రిల్ నెలలోనే కప్పు ఎక్కించి పరీక్ష చేయించండి. నీటి తూములు శుభ్రం చేయించండి. సిమెంటు రేకులపై పలకలు వేయకుండా ఎవరినీ నడవనివ్వకండి. ఈ నెల అద్దె అందగానే మొదటి వాటా కప్పుకు తీసి ఉంచండి. మిగిలినదే మీ ఆదాయం.