మాంసం బలమే - కోసే చేతుల మాటేమిటి?

మాంసం ఒంటికి మంచిది, నేలకూ మంచిదేనని వాదిస్తూ 2020లో అమెరికాలో ‘సేక్రెడ్ కౌ’ అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. తీసినామె డయానా రాడ్జర్స్ అనే పోషకాహార నిపుణురాలు. పోషణ, పర్యావరణం, నీతి - ఈ మూడు వైపుల నుంచీ మాంసాన్ని సమర్థించడం ఆ చిత్రం ఉద్దేశం.

ఇందులో నిజం లేదని మేం అనడం లేదు. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుముకన్నా బాగా ఒంటబడుతుంది. బి-12 విటమిన్ మొక్కల్లో దొరకదు. ప్రపంచ వ్యవసాయ భూమిలో మూడింట రెండొంతులు పచ్చిక బయళ్లే. అందులో చాలాభాగం దున్నడానికి పనికిరాదు, పశువులే ఆ గడ్డిని మనిషికి తిండిగా మారుస్తాయి. అయినా రెక్కల కష్టం చేసేవాడికి మాంసం బలమని సినిమా తీసి చెప్పాలా? 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 98 మంది మాంసాహారులే!

మా తగాదా వేరు. ఆ మూడు వైపులు చూసినవాళ్లు నాలుగో వైపు, శ్రమ వైపు, ఎందుకు చూడరు?

అదే 2020లో అమెరికా కబేళాల్లో ఏం జరిగిందో చూడండి. కరోనా చెలరేగుతుంటే, మాంసం ఫ్యాక్టరీలు మూతపడకూడదని ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు జారీ చేశాడు. కార్మికులు భుజం భుజం రాసుకుంటూ కత్తి పట్టారు. ప్రతినిధుల సభ ఉపసంఘం 2021 అక్టోబరులో తేల్చిన లెక్క ప్రకారం, మహమ్మారి తొలి ఏడాదిలో ఐదు పెద్ద కంపెనీల్లోనే కనీసం 59,000 మందికి జబ్బు సోకింది. 269 మంది చనిపోయారు.

‘మేం సమర్థించేది ఫ్యాక్టరీ మాంసాన్ని కాదు, పచ్చికలో మేపిన మాంసాన్ని’ అని చిత్రం తరఫువాళ్లు అనవచ్చు. మంచిదే. కానీ అక్కడి గొడ్డుమాంసం వ్యాపారంలో నూటికి 85 వంతులు నాలుగు కంపెనీల గుప్పిట్లో ఉంది. పశువుకు రేటు కట్టేది వాళ్లే. పెంచిన రైతు ఆ రేటుకే తోలుకోవాలి. కొనేవాడు మంచి మాంసం ఏరుకున్నంత మాత్రాన ఈ గుత్తాధిపత్యం కూలదు. పైగా పచ్చిక మాంసం ధర ఎక్కువ, కూలివాడు దాని దరికి పోలేడు.

ఇక ఆ పచ్చిక ఫారాల్లో పనిచేసే కూలీల సంగతి? 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం సంఘం పెట్టుకునే రక్షణ నుంచి వ్యవసాయ కూలీలను మినహాయించింది. 1938 నాటి చట్టం వాళ్లకు ఓవర్‌టైం కూలి లేకుండా చేసింది. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నా, దేశ చట్టాల్లో ఆ మినహాయింపులు నేటికీ ఉన్నాయి. చిన్న ఫారమైనా పెద్ద ఫారమైనా కూలివాడి గతి ఇదే.

ఇది ఎక్కడో అమెరికా గోల అనుకోవద్దు. మాంసం తినమనేవాళ్లూ, మానమనేవాళ్లూ మన దగ్గరా ఉన్నారు. కూలి రేట్ల ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు. గొర్రెలు కాసేవాళ్లకు, కోళ్లఫారాల్లో కుటుంబంతో సహా చాకిరీ చేసేవాళ్లకు వారానికి ఒక్కపూటైనా ఆ కూర అందుతోందా? ఇలాంటి చిత్రం మీ ఊరికొస్తే తప్పకుండా చూడండి. చూశాక నిలబడి అడగండి: దీన్ని పెంచిందెవరు, కోసిందెవరు, వాళ్లకు ముట్టిన కూలి ఎంత?