బెరడు ఒలిచినవాడికి కూలి – మందు అమ్మినవాడికి కోట్లు

కాన్సరు సోకిందంటే కూలి కుటుంబం కూలిపోయినట్టే. ఆ రోగానికి వాడే ఖరీదైన మందులు కొన్ని అడవి చెట్ల నుంచే వచ్చాయి. ఆ చెట్లు నరికేది, బెరడు ఒలిచేది మనలాంటి కష్టజీవులే. అందుకే ఈ సంగతి మనం తెలుసుకోవాలి.

చైనాలో పెరిగే ఒక చెట్టు నుంచి కాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని వేరుచేసినట్టు 1966లో మన్రో వాల్, మన్‌సుఖ్ వానీ అనే శాస్త్రజ్ఞులు అమెరికాలో ప్రకటించారు. వానీ మన మహారాష్ట్రలో పుట్టినవాడే. ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది అక్కడి ప్రభుత్వ కాన్సరు సంస్థ. అంటే జనం కట్టిన పన్నులే.

ఈ మందు ఎలా పనిచేస్తుంది? కణం రెండు కావాలంటే లోపలున్న డి.ఎన్.ఏ. పేనిన తాడులా మెలి విడాలి. మెలి విప్పే ఎంజైమును ఈ పదార్థం కదలకుండా పట్టేస్తుంది. తాడు తెగుతుంది, కణం చస్తుంది. మొదట రోగులకిచ్చి చూస్తే విషప్రభావం ఎక్కువై ఆపేశారు. తర్వాత దాన్నే మార్చి టోపోటెకాన్, ఇరినోటెకాన్ మందులు తయారుచేశారు. 1996లో అమెరికాలో రెండింటికీ అనుమతి వచ్చింది. ఒకటి అండాశయ కాన్సరుకు, రెండోది పెద్దపేగు కాన్సరుకు.

మరి మన దేశం మాటేమిటి? పడమటి కనుమల్లో పెరిగే ఒక చెట్టులోనూ ఇదే పదార్థం ఉందని 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ తేల్చారు. మరాఠీవాళ్ళు ఆ చెట్టును నర్క్యా అంటారు. కంపు కొడుతుంది గనక కన్నడంలో దుర్వాసనె మర అంటారు. ఆ కంపు చెట్టుకే గిరాకీ వచ్చిపడింది.

చెట్టులో అది సుమారుగా నూటికి 0.3 పాళ్ళే. కిలో సరుకు తియ్యాలంటే మూడొందల కిలోలకు పైగా ఎండిన బెరడు, వేళ్ళు కావాలి. దాంతో మహారాష్ట్ర, కర్ణాటక అడవుల్లో చెట్లకు చెట్లే నరికేశారు. సరుకు విదేశాలకు పోయింది. చెట్టు అరుదైపోయింది.

ఈ లెక్కలో ఎవరికేం దక్కింది? గొడ్డలి పట్టినవాడికి ఆ రోజు కూలి. పైనున్న దళారికీ, ఎగుమతిదారుకీ, కంపెనీకీ లాభం. రేపు అడవి బోడిగుండైతే నింద మాత్రం గిరిజనుడి మీద. ఆ కూలి భార్యకే కాన్సరొస్తే మందు కొనగలడా? ఇదెక్కడి న్యాయం?

శాస్త్రాన్ని మనం తప్పుపట్టడంలేదు. మందు కావాలి, చెట్టూ కావాలి. లాభంలో స్థానికులకు వాటా ఇవ్వాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెప్పింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం అడవిబిడ్డలదేనని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెప్పింది. కానీ 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, ఉల్లంఘించినవాళ్ళకు జైలుశిక్ష ఎత్తేశారు. జరిమానా కడితే చాలు. కోట్లు గడించేవాడికి జరిమానా ఒక లెక్కా?

మన ఏజెన్సీలోనూ ఈ చట్టాలే అమల్లో ఉన్నాయి. ఏ చెట్టుకు ఎప్పుడు గిరాకీ వస్తుందో ఎవరు చెప్పగలరు? అందుకే గ్రామసభ ఒప్పుకోనిదే బెరడు ముక్క కూడా అడవి దాటకూడదు. నారు పోసి, నాటి, పెంచే పని కూలీల సహకార సంఘాలకే ఇవ్వాలి. సర్కారు ఆసుపత్రిలో ఈ మందులు ఉచితంగా దొరకాలి. అడగాల్సింది మనమే. అడిగేది కూడా ఊరూరా, కలిసికట్టుగా అడగాలి.