కాడియా, గాడియా?

ఛందస్సు పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకొంటున్న తెలుగు పండితునికి ర్యామ్ గొడవ ఎందుకని చదువరులు అడుగవచ్చును. ఆ గొడవలో నా ముప్పదియేండ్ల శ్రమ ఇరుక్కొన్నది గనుక సమాధానం చెప్పవలసియున్నది.

ఉద్యోగరీత్యా ప్రకాశం జిల్లా పల్లెలలో తిరిగినంతకాలం అక్కడి రైతుల నోట విన్న సేద్యపు మాటలను నోటుపుస్తకాలలో వ్రాసుకొన్నాను. విశ్రాంతి తీసుకొన్న తరువాత వానినన్నిటినీ కంప్యూటరులోనికి ఎక్కించాను. 2023లో ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవడు, పాత యంత్రం చాలదు తాతయ్యా, విడిభాగాలు తెచ్చి మనమే కూర్చుకొందామన్నాడు. వానికి ఆటలు ఆడుకోవాలె, నాకు స్కాన్ చేసిన పుటలు త్వరగా తెరుచుకోవాలె. రైజెన్ 7000 తరగతి ప్రాసెసరూ, 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు రెండూ కొన్నాము. మొదటిసారి మీట నొక్కినప్పుడు కొన్ని నిమిషాలసేపు తెర నల్లగానే ఉండిపోయింది. నా గుండె జారింది. మెమరీ తన్ను తాను సరిచూసుకొంటున్నదని వాడు నవ్వాడు.

పెట్టెమీద 6000 అని అచ్చువేసి ఉన్నది. మావంటి కొత్తవారు మోసపోయేది ఇక్కడనే. జెడెక్ అనే ప్రమాణసంస్థ డీడీఆర్5కు విధించిన విద్యుత్తు 1.1 వోల్టులు. ఆ తరగతి ప్రాసెసరుకు తయారీదారు హామీ యిచ్చిన మెమరీ వేగం 5200. బయోసులోనికి పోయి ఎక్స్‌పో అనే అమరికను మనమై ఎన్నుకొన్నప్పుడే, సాధారణంగా 1.35 వోల్టుల దాకా ఒత్తిడి పెంచి, ఆ స్టిక్కు 6000 అందుకొంటుంది. ఇంటెల్ వారి ఎక్స్ఎంపీ కూడా ఈ కోవలోనిదే. అనగా పెట్టెమీది అంకెయే ఒక ఓవర్‌క్లాకింగు. దానిని కనీసధర్మమని భావించి అక్కడనుండి పైకి ఎగబ్రాకడం మా మనవడు చేసిన పని. 6400కు లాగి, విరామాలను కూడా బిగించాడు. ఒక గంటసేపు ఆట ఆగకుండా నడిచింది. వానికి అదే పరీక్ష.

విరామాల సంగతి కొంచెం చెప్పనివ్వండి. సీఎల్ అనే అంకె, పృచ్ఛకుడు అడిగిన తరువాత అవధాని మొదటి అక్షరం పలికేందుకు తీసుకొనే వ్యవధి వంటిది. 6000 మెమరీ అసలు తాళం 3000 మెగాహెర్ట్జులు. తాళానికి రెండుసార్లు సమాచారం కదలుతుంది గనుక 6000 అంటారు. సీఎల్ 30 అయితే 30 తాళాల నిరీక్షణ, అనగా 10 నానోసెకనులు. సీఎల్ 40 అయితే 13 పైచిలుకు. పాత డీడీఆర్4లో 3200 వేగమూ సీఎల్ 16 గల స్టిక్కుకు లెక్క కట్టి చూడండి, అదీ సరిగ్గా 10 నానోసెకనులే! ధారాశుద్ధి పెరిగింది గాని మొదటి పలుకుకు పట్టే వ్యవధి మారలేదు. కనుక పెద్ద అంకె ఒక్కటే చూసి డబ్బు పోయడం అవివేకమని నా అభిప్రాయం.

ఇక జరిగినది. రెండు నెలల తరువాత నా పదాల పట్టికను తిరగవేస్తూండగా ఒకచోట "గడప ప్రాంతమున" అని కనబడింది. నేను వ్రాసింది కడప. వ్రేలు జారిందనుకొన్నాను. మరొకచోట తాడు దాడు అయినది. కాడి గాడి అయినది. కచటతపలకు గసడదవలు రావడం మా వ్యాకరణంలో ఉన్నదే గాని, ఇవి ఏ సూత్రం ప్రకారం వచ్చినవి? మనవణ్ణి పిలిచాను. వాడు చాలాసేపు చూచి, యూనికోడులో క సంఖ్య 0సి15, గ సంఖ్య 0సి17, వీనికి తేడా ఒక్క బిట్టు అన్నాడు. త, దలకూ ఆ స్థానంలోని బిట్టే తేడా. ఆ రాత్రి మెమ్‌టెస్ట్86+ పెట్టి పడుకొన్నాము. తెల్లవారేసరికి తెరమీద ఎర్రని వరుసలు.

పద్యమైతే ఇట్లా జరిగినది కొన్నిచోట్లనైనా బయటపడేది. ప్రాసస్థానంలో అక్షరం మారితే ప్రాస చెడి పట్టిస్తుంది. లేఖకుల తప్పులను పరిష్కర్తలు దిద్దుకొన్న ఉపాయాలలో ఇదొకటి. ఈసీసీ అనే మెమరీ చేసేది సరిగా ఈ కాపలాయే. డీడీఆర్5 చిప్పులోనే దోషసవరణ ఉన్నది గదా అంటారు. ఉన్నది, కాని అది చిప్పు గర్భంలోని తప్పులకే. చిప్పుకూ ప్రాసెసరుకూ నడుమ దారిలో జారిన అక్షరాన్ని అది పట్టదు. నా పట్టిక వచనం, మా మెమరీ మామూలుది.

మనవడు ఒప్పుకోడు. సాహసం లేకపోతే ఓవర్‌క్లాకింగు ఎందుకు తాతయ్యా అంటాడు. వాని మాటా కొట్టిపారవేయలేను; ఆ యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో నాకు తెలిసింది వాని సాహసం వల్లనే. అయినను మొదటి యంత్రం కూర్చేవారికి నేను చెప్పేది వేరు. ప్రాసెసరును లాగదలిస్తే లాగండి, ఆ పని జరిగినన్నాళ్ళు మెమరీని ముట్టకండి. రెండూ ఒకేసారి కదిపితే తప్పు ఎవరిదో తేలదు. మదర్‌బోర్డువారు తాము పరీక్షించిన మెమరీల పట్టిక ప్రకటిస్తారు, అందులో పేరున్నదే కొనండి. 6000, సీఎల్ 30 జత ఆ ప్రాసెసర్లకు చాలు. 2025 చివరి నెలలలో ధరలు మండిపోయినప్పుడు, ఉన్న రెంటికి మరో రెండు చవక స్టిక్కులు జతచేద్దామన్న ఆలోచన మాకూ కలిగింది. నాలుగు స్టిక్కులు పెడితే ఆ ప్రాసెసరుకు హామీ వేగం 3600 మాత్రమేనని తెలిసి మానుకొన్నాము. అన్నిటికన్న ముఖ్యం, ఒక రాత్రంతా పరీక్ష నడిపి, ఒక్క ఎర్రగీతయైనా లేకుండా తేలేవరకు తిరిగి సంపాదించుకోలేని వ్రాతను దానికి అప్పగించకండి.

ఇప్పుడు మా మెమరీ 6000 వద్దనే ఉన్నది. నేను నోటుపుస్తకాలు ముందు పెట్టుకొని పట్టికను అక్షరమక్షరం సరిచూస్తున్నాను. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. "ఎద్దు గాడి తప్పితే అదిలించేవాడు కావాలె" అని తెరమీద ఉన్నది. కాడి తప్పినా అర్థమున్నది, గాడి తప్పినా అర్థమున్నది. ఆ మాట ఉన్న నోటుపుస్తకంలో ఆ పుటలు చెదలు తిన్నవి. చెప్పిన రైతు ఇప్పుడు లేడు. దాని ప్రక్కన ప్రశ్నార్థకం ఉంచాను.