సినిమా మాట మార్చొద్దు, కింద తెలుగు అక్షరాలు వేయాలె

వేరే భాష సినిమాకు తెలుగు గొంతులు అతికించి చూపించే బదులు, ఆ భాషను అట్లనే ఉంచి కింద తెలుగు అక్షరాలు వేసి చూపించాలని నా అభిప్రాయం. పదో తరగతి అక్కలు దీనికి ఒప్పుకోరని తెలుసు. "ఆదివారం కూడ చదువుడేనా, సినిమా కూడ స్టడీ అవరేనా" అని వాళ్లు మెస్‌లో అన్నది అందరం విన్నాం. కోపం చేసుకోకుండా చివరిదాకా చదవండి అక్కలూ. చదివినాక తిట్టండి.

మొన్న సోషల్ సార్ చూపించిన ఇరాన్ సినిమా "చిల్డ్రన్ ఆఫ్ హెవెన్" సంగతే తీసుకుందాం. 1997లో మజీద్ మజీదీ అనే దర్శకుడు తీశారు. అలీ అనే పిల్లగాడు చెల్లె జహ్రా బూట్లు బాగు చేయించి తెస్తుంటే దారిలో పోతయి. ఇంట్లో చెప్దామంటే నాయన దగ్గర పైసలు లేవు. అందుకని అన్నాచెల్లెళ్లు ఇద్దరూ అలీ బూట్లే వేసుకుంటరు. పొద్దున బడికి చెల్లె, ఆమె ఉరికి వచ్చినాక అన్న. మన హాస్టల్‌లో ఈ కథ ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఒక్క జత చెప్పులు ఇద్దరు తొడుక్కున్న వాళ్లు మన డార్మెటరీలోనే ఉన్నారు, పేర్లు రాయను.

అందులో ఒక చోట అమ్మా నాయనా పక్కనే ఉంటారు. బూట్ల ముచ్చట పైకి మాట్లాడితే దొరికిపోతరు. అందుకే అన్నాచెల్లెళ్లు నోటుబుక్కులో రాసి ఒకరికొకరు చూపించుకుంటరు. అక్కడ నోరు పని చేయదు, రాతే మాట్లాడుతది. ఇప్పుడు చెప్పండి, దానికి డబ్బింగ్ ఎట్ల చేస్తరు? ఎవరి గొంతుతోనో పైకి చదివిస్తే అది రహస్యం ఎట్లయితది? కింద అక్షరాలు ఉంటే వాళ్లు రాస్తుంటే మనం చదువుతం. ఆ గుట్టులో మనం కూడా కలిసినట్టు ఉంటది.

డబ్బింగ్ ఎందుకు తేడాగా వినిపిస్తదో మన తెలుగు వ్యాకరణంలోనే ఉంది. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు. పెదవులు కలవకుండా ఇవి పలకవు. కావాలంటే ఇక్కడే నిలబడి పలికి చూడండి. తెర మీద మనిషి పెదవులు మూస్తే, డబ్బింగ్ రాసేవాళ్లు అక్కడికి ఇందులో ఒక అక్షరం తేవాలె. నోరు తెరిచి ఉన్నంతసేపు మాట సాగదీయాలె. "లేదు" అంటే సరిపోయే చోట "అబ్బే, లేదు బాబూ" అని పెట్టాల్సి వస్తది. అందుకే డబ్బింగ్ సినిమాల్లో మనుషులు ఏ ఊర్లోనూ మాట్లాడని తెలుగు మాట్లాడుతరు.

డబ్బింగ్ అంతా చెడ్డదని నేను అనను. 2019లో వచ్చిన "లయన్ కింగ్" తెలుగులో బ్రహ్మానందం గారు, అలీ గారు (ఇరాన్ అలీ కాదు) గొంతు ఇచ్చారు. మనం కడుపు పట్టుకుని నవ్వినం. కాని సింహాలూ అడవిపందులూ ఇంగ్లీషులో పుట్టలేదు కదా! వాటికి ఏ భాష పెట్టినా పోయేది లేదు. జహ్రాకు మాత్రం సొంత భాష ఉంది.

రీమేక్ సంగతి కూడ కొందరు ఎత్తారు. ఈ ఇరాన్ కథనే 2010లో ప్రియదర్శన్ గారు హిందీలో "బమ్ బమ్ బోలే" అని తీశారు. 2022లో తమిళంలో "అక్క కురువి" వచ్చింది. తీసుకోనీ, తప్పు లేదు. మన ముసలోళ్లు కథ చెప్పేటప్పుడు ఊరి పేరు మార్చరా? కాని అవి చూసి ఇరాన్ పిల్లలను చూసినం అనుకోవద్దు.

ఇంకో లాభం చెవికి. ఆ పిల్లలు నాయనను "బాబా" అంటరు. కింద చూడకుండానే తెలిసింది. వాళ్ల ఫారసీలో దుకాన్ అంటే మన దుకాణమే, కాగజ్ అంటే మన కాగితమే అని సార్ చెప్పారు. మా గోండిలో ఏర్ అంటే నీళ్లు. కొలామి వాళ్లు ఈర్ అంటరు. తెలుగు వాచకంలో మొదటిసారి "ఏరు" అని చదివినప్పుడు అది నీళ్లకు సంబంధించిందని నాకు ఎవరూ చెప్పకముందే తెలిసింది. అసలు మాటను తుడిచేస్తే ఇట్లాంటివి ఎట్ల దొరుకుతయి?

ఇక్కడ ఒక కష్టం ఉంది, అది దాచిపెట్టను. 2020 జనవరిలో కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో గారు "పారాసైట్" సినిమాకు గోల్డెన్ గ్లోబ్ బహుమతి తీసుకుంటూ, కింది అక్షరాలు ఒక అంగుళం అడ్డు మాత్రమే, అది దాటితే ఎన్నో మంచి సినిమాలు దొరుకుతయి అనే అర్థంతో మాట్లాడారట. మాట బాగుంది. కాని ఆయనకు మా అవ్వ సంగతి తెలువదు. మా అవ్వ వేలిముద్ర వేస్తది. మా ఇంట్లో బడి మొఖం చూసిన మొదటి దాన్ని నేనే. ఆ అంగుళం మా అవ్వకు గుట్టంత. పక్కింటి టీవీలో కింద అక్షరాలు వస్తే "ఏం రాసిండ్రు బిడ్డా" అని నన్నే అడుగుతది. నేను చదివి గోండిలో చెప్పేసరికి ఇంకో రెండు లైన్లు వెళ్లిపోతయి. మూడో తరగతి చెల్లెళ్లదీ అదే తిప్పలు. మొన్న కింద పడినవి ఇంగ్లీషు అక్షరాలు, సార్ ఆపి ఆపి చెప్తే గాని మనకే అర్థం కాలేదు. అది ఒక తాళం తీసి ఇంకో తాళం వేసినట్టే. అందుకే తెలుగు అక్షరాలే కావాలె, చిన్నోళ్ల వరుసల మధ్యల ఒక పెద్దపిల్ల కూసుని మెల్లగ చదివి వినిపించాలె.

అవ్వ గురించి రాస్తుంటే ఇంకోటి గుర్తుకొచ్చింది. 2022లో "ఆర్.ఆర్.ఆర్."లో మన కొమురం భీమ్‌ను చూసి అందరం ఈలలు వేసినం. మల్లి గోండు పిల్ల. కాని మల్లి తల్లి ఏడుపు నాకు తెలుగులోనే వినిపించింది. మా తల్లులు అట్ల ఏడువరు. వాళ్లు గోండిలో ఏడుస్తరు. అదే గోండిలో మాట్లాడించి, కింద తెలుగు అక్షరాలు వేస్తే ఎట్ల ఉండేది? అవ్వ ఎవరినీ అడగకుండా కూసుని చూసేది. వార్డెన్ మేడమ్ కింద చదువుకునేవారు. నవ్వు వచ్చే చోట అవ్వ ముందు నవ్వేది, మేడమ్ రెండు సెకన్లు ఆగి నవ్వేవారు. ఒక్కసారి అట్ల చూడాలని నాకు ఉంది.

గోండి సినిమా మన చేతిలో లేదు గాని, తెలుగు అక్షరాలు మన చేతిలోనే ఉన్నయి. ఏ సెకనుకు లైను రావాలి, ఏ సెకనుకు పోవాలి అని టైము వేసి దాని కింద మాట రాస్తే చాలట, అది మామూలు రాత ఫైలేనని సార్ చెప్పారు. లైను పొట్టిగ ఉండాలె, రెండు లైన్లు మించొద్దు. ఇరాన్ సినిమా గంటన్నర ఉంటది. మొదటి పది నిమిషాలకు నేనూ నా పక్క మంచం అమ్మాయీ నోటుబుక్కులో తెలుగు రాసి పెట్టినం. మిగతాదానికి శనివారం ఒక గంట కంప్యూటర్ గది ఇవ్వాలని వార్డెన్ మేడమ్ గారికి మనవి. ఇంగ్లీషు బాగా వచ్చిన పదో తరగతి అక్కలు ఇద్దరు కావాలి. నోటుబుక్కు నా పెట్టె మీద ఉంది, అన్నం తిన్నాక వచ్చి చూడొచ్చు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని